నాలుగు వందల పదో మంచం

గనిలోకి దిగిన 31వ రోజు

ఈ రోజు నూట ఇరవై ఎనిమిది ఛాతీలు చూశాను. వేళ్లు కొంకర్లు పోయాయి. స్కానింగ్ చేసే ప్రోబ్ కింద పెట్టాక కూడా చెయ్యి దాన్ని పట్టుకున్నట్టే వంగి ఉంది.

ఈ పుస్తకం ప్రోబ్ బాగోగులు రాయడానికి ఇచ్చారు. ఛార్జింగ్ ఎంతసేపు నిలిచింది, తీగ ఎక్కడైనా పగిలిందా, ఎన్ని స్కానింగులు అయ్యాయి. అవి రాయడానికి నాలుగు వరుసలు చాలు. మిగిలిన కాగితం మీద మిగిలినవి రాస్తున్నాను.

జెల్ అయిపోయి రెండేళ్లయింది. సగ్గుబియ్యం పలచగా ఉడికించి, చల్లార్చి, గుడ్డలో వడగట్టి వాడుతున్నాం. ప్రోబ్‌కూ చర్మానికీ మధ్య గాలి లేకుండా చేస్తుంది, బొమ్మ బాగానే వస్తుంది. ఇవాళ మొదటి లెవెల్లో గట్టవ్వ అనే ముసలామెను చూసి, తుడుచుకోమని గుడ్డ ఇచ్చాను. ఆమె గుడ్డ పక్కన పెట్టి ఛాతీ మీది గంజిని వేలితో తీసుకుని నాకింది. నేను చూడనట్టు అంకె రాసుకున్నాను. పద్నాలుగు.

మా అమ్మ కాలంలో స్కానింగ్ అంటే జిల్లా ఆసుపత్రికి పోయి పొద్దంతా వరసలో కూర్చోవడం. ఇప్పుడది నా జేబులో పడుతుంది. మనిషి మంచం దిగే పని లేదు. చొక్కా గుండీలు తీస్తే చాలు, అరచేతి తెర మీద గుండె కొట్టుకుంటూ కనిపిస్తుంది. ఒక్కో కొట్టుకు ఎంత రక్తం బయటికి తోస్తున్నదో కింద అంకె పడుతుంది. గట్టి మనిషికి డెబ్బై. పది రోజులకోసారి అందరినీ చూస్తాం. పెద్దవాళ్లం అయిదు వందల ఇరవై మందిమి. చల్లగాలి మిషన్ మూడో లెవెల్‌కు మాత్రమే సరిపోతుంది, అక్కడ పెద్దవాళ్లకు నాలుగు వందల పది మంచాలు. అంకెల్లో మొదటి నాలుగు వందల పది మంది అక్కడ ఉంటారు. మిగిలినవాళ్లు పైన మొదటి లెవెల్లో. అక్కడ నిన్న నలభై నాలుగు డిగ్రీలు. గని బయట యాభై ఎనిమిది.

మూడేళ్ల కిందటి దాకా ఇది తలకిందులుగా ఉండేది. బలహీనులను చల్లటి చోటికి పంపేవాళ్లం. ఆ ఎండాకాలం కింద ఉన్నవాళ్లు నలభై మంది పోయారు, పైన ఉన్న గట్టివాళ్లు అరవై మంది పోయారు. కమిటీ కూర్చుని జాబితాను తిరగేసింది. అప్పుడు నేనూ చెయ్యి ఎత్తాను.

మా అక్క సరోజనది నాలుగు వందల తొమ్మిదో పేరు. అంకె ముప్పై తొమ్మిది. చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి గుండె కవాటం చెడింది. చివరి పేరు మొండయ్యది, ముప్పై ఎనిమిది.

33వ రోజు

స్కానింగ్ చేసేవాళ్లం నలుగురం, మొదటి లెవెల్‌కు రోజూ ఒకరం పోవాలి. అక్కడ స్కానింగ్ ఎక్కువగా చావును ఖాయం చేయడానికే. ఛాతీ మీద ప్రోబ్ పెట్టి, కదలని గుండెను రెండు నిమిషాలు చూసి, టైము రాయాలి. ఇవాళ ఇద్దరు.

తిరిగి వస్తుంటే ఓదెలు పిలిచాడు. గనిలో నీళ్లు తోడే పంపు డ్రైవర్‌గా పద్దెనిమిదేళ్లు పనిచేసిన మనిషి. అతని పంపు ఆగి ఉంటే మనకు మూడో లెవెల్ ఉండేది కాదు. పోయిన జాబితాలో అంకె పడిపోయి పైకి వచ్చాడు, మొన్న కూడా ఇరవై రెండే వచ్చింది. భార్య విమల, ఇద్దరు ఆడపిల్లలు కిందే ఉన్నారు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు, పడుకుంటే ఊపిరి అందడం లేదట. మెడ నరాలు తాళ్లలా ఉబ్బి ఉన్నాయి.

మొన్న అతన్ని చూసింది నేను కాదు. ప్రోబ్ పెట్టాను. గుండె చుట్టూ నల్లటి పట్టీ, రెండు వేళ్ల వెడల్పు. నీళ్లు. గుండె పాడవలేదు, నీళ్ల మధ్య ఇరుక్కుని విచ్చుకోలేకపోతున్నది. అంకెలు రాయడం మొదలుపెట్టాక నేను అంకె పక్కన బొమ్మను చూడటం మానేశాను. నేనే కాదు, నలుగురమూ మానేశాం.

34వ రోజు

డాక్టర్ విఠల్ గారికి చెప్పాను. ఆయన నాకు ఈ పని నేర్పిన మనిషి. బొమ్మ చూసి, ఇది టీబీ నీళ్లే అయి ఉంటుందన్నారు. సూదితో తీస్తే మనిషి లేస్తాడు, మాత్రలు లేవు కాబట్టి నెల తిరక్కుండా మళ్లీ చేరతాయి అన్నారు. తియ్యమంటారా అని అడిగాను.

"తియ్యమని చెప్పను, వద్దని చెప్పను. అతను లేచి అంకె తెచ్చుకుంటే ఇంకొకరు పైకి పోతారు. అది ఎవరో తెలుసుకుని సూది పట్టుకో."

ఎవరో నాకు తెలుసు. మొండయ్య. డెబ్బై రెండేళ్లు, భార్య పోయింది, పిల్లలు లేరు, రోజంతా మంచం మీద కూర్చుని చుట్ట లేదని విసుక్కుంటాడు. ఓదెలుకు నలభై ఆరు, ఇద్దరు పిల్లలు. నేను ఆ లెక్క వేసుకోవడానికి అన్నం తిన్నంత సేపు కూడా పట్టలేదు.

36వ రోజు

సూది వేశాను. పొడవు సూదులు మూడు ఉన్నాయి నా పెట్టెలో. మత్తు మందు లేదు. ఓదెలుకు పళ్ల మధ్య తువ్వాలు పెట్టి, గోడకు ఆనించి కూర్చోబెట్టి, పక్క మంచాల మనుషులిద్దరిని చేతులు పట్టుకోమన్నాను. ఎడమ చేత్తో ప్రోబ్, కుడి చేత్తో సూది. తెర మీద సూది తెల్లటి గీతలా దిగుతూ కనిపిస్తుంది. నల్ల పట్టీలోకి దిగగానే ఆపాలి. ఇంకో గోరంత పోతే గుండె.

ఎర్రటి నీళ్లు వచ్చాయి. రక్తమేనేమోనని సూదిని అక్కడే ఆపాను. గిన్నెలో పోసి చూశాను, గడ్డకట్టలేదు, గుండెలోని రక్తం కాదు. సిరంజీ నింపి, పారబోసి, మళ్లీ నింపి, నాలుగు వందల మిల్లీలీటర్లు తీశాను. సగం తీసేసరికే అతని మెడ నరాలు దిగిపోయాయి. తెర మీద గుండె విచ్చుకుంది. ఏడేళ్లలో ఇన్ని వేల గుండెలు చూశాను, ఒక గుండె నా చేతి కింద బాగుపడటం ఇదే మొదటిసారి. ఏడుపు ఆగలేదు. ఓదెలు తువ్వాలు తీసి పక్కన పెట్టి ఊపిరి పీల్చుకుంటూనే ఉన్నాడు, అదొక పనిలాగ.

సూది వంగిపోయింది. ఇంకా రెండు ఉన్నాయి.

41వ రోజు

జాబితా.

ఓదెలు యాభై నాలుగు. నేనే చూశాను, రెండుసార్లు చూశాను.

మొండయ్య నలభై మూడు. చల్లగాలికి, పొద్దంతా కదలకుండా కూర్చున్నందుకు అయిదు పెరిగింది. అంకె చెప్పగానే తలూపి, ఎప్పటిలాగే చుట్ట అడిగాడు.

రక్త సంబంధీకులను మనం చూడకూడదు, అక్కను డాక్టర్ గారు చూశారు. నేను వెనక నిలబడ్డాను. ఆయన చేతిలో ప్రోబ్ సరైన చోటే ఉంది. కొద్దిగా వంచితే అంకె పెరుగుతుంది, నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆయన వంచలేదు. ముప్పై ఏడు.

నాలుగు వందల పదకొండో పేరు.

బయటికి వచ్చి ఆయన్ని పట్టుకున్నాను. ఇంకోసారి చూడమన్నాను. చూశారు. ముప్పై ఏడే. "ఎవరో తెలుసుకుని పట్టుకోమన్నాను" అని మాత్రం అన్నారు.

అక్క తన చీరలు రెండు, చెంబు మూట కట్టుకుని ఇంక్లైన్ ఎక్కింది. ఆ ఏటవాలు దారి నూట అరవై మెట్లు. మూటను నేను మోస్తానంటే ఇవ్వలేదు. మధ్యలో నాలుగుసార్లు ఆగింది. అదే దారిలో ఓదెలు ఎదురు దిగాడు. విమల, పిల్లలు కింది మెట్ల దాకా వచ్చారు. చిన్నపిల్ల తండ్రిని చూసి గట్టిగా నవ్వింది. అక్క పక్కకు జరిగి అతనికి దారి ఇచ్చింది.

42వ రోజు

ఓదెలు దగ్గరికి పోయాను. సిగ్గు విడిచి అడిగాను. మా అక్క నన్ను పెంచింది, మా అమ్మ పోయినప్పుడు నాకు అయిదేళ్లు, గని క్యాంటీన్‌లో గిన్నెలు తోమి చదివించింది, నీ గుండె ఇప్పుడు గట్టిగా ఉంది, నువ్వు పైన కొన్నాళ్లు తట్టుకుంటావు, ఆమె తట్టుకోలేదు అని చెప్పాను. ఇష్టపడి మంచం ఇచ్చేస్తే కమిటీ అడ్డుపడదు, స్కానింగ్ చేసేవాళ్లకు మాత్రం ఆ వీలు లేదు.

ఓదెలు తల వంచుకుని విన్నాడు. విమలే ముందు మాట్లాడింది.

"ఆయన్ని కిందికి తెమ్మని మేమడిగినమా? నువ్వే తెచ్చినవ్."

ఆమె అన్నది నిజం. నేను ఓదెలు వైపే చూస్తున్నాను.

"ఇద్దరు పిల్లలున్నరు చెల్లె," అన్నాడు. "నాతోని కాదు. పైన ఎట్లుంటదో నాకు ఎరుకే. అందుకే కాదంటున్న."

47వ రోజు

పైకి పోయే వంతు నాది కాకపోయినా అడిగి తీసుకుంటున్నాను. నా నీళ్లలో సగం అక్కకు పోస్తున్నాను. అక్క అందులో సగం గట్టవ్వకు పోస్తున్నది. ఎందుకని కోప్పడితే వినిపించనట్టు తడిగుడ్డ పిండి ముసలామె నుదుటి మీద వేసింది. కాళ్లు వాచాయి, వేలితో నొక్కితే గుంట నిలుస్తున్నది.

ఇవాళ తనే అడిగింది.

"ఆనికి సూది ఏసేముందు నీకు ఎరుకలేదా, ఒకలు పైకి రావాలెనని?"

"మొండయ్య పోతడనుకున్న అక్కా."

"మొండయ్య నీకేం జేసిండు?"

నీళ్ల చెంబు నా చేతికిచ్చి, పొమ్మన్నది.

51వ రోజు

జాబితా. నాలుగు వందల పదో పేరు కింది గీత కదల్లేదు. అక్కకు ముప్పై ఆరు. పైన ఉన్నవాళ్లందరిలో అక్కదే పెద్ద అంకె, కింద ఒక్క మంచం ఖాళీ అయినా దిగేది ఆమే. గట్టవ్వ పోయిన జాబితాకే ఎనిమిదికి వచ్చింది, ఈ జాబితాలో పేరు లేదు.

మూడో లెవెల్లో ఎవరైనా చనిపోతారా అని చూస్తున్నాను. ఈ వాక్యం రాసి కొట్టేద్దామనుకున్నాను. కొట్టేసినా ఉండేదే. మొండయ్య దగ్గితే ఆగి వింటున్నాను.

56వ రోజు

భోజనాల సైరన్ అయ్యాక ఓదెలు నా మంచం దగ్గరికి వచ్చాడు. మూడు రోజులుగా మెట్లెక్కితే ఆయాసం వస్తున్నదట, రాత్రి రెండు దిండ్లు పెట్టుకున్నాడట. విమలకు చెప్పలేదు. చొక్కా తానే విప్పాడు.

నల్ల పట్టీ మళ్లీ వచ్చింది. ఇంకా సన్నగానే ఉంది, ఒక వేలు వెడల్పు. గుండె కుడి వైపు గోడ లోపలికి నొక్కుకోవడం మొదలైంది. ఇవాళ తీస్తే పది నిమిషాల పని. అయిదు రోజుల తర్వాత జాబితా.

"నీళ్లేనా?" అన్నాడు.

అవునన్నాను.

"మల్ల సూది ఏస్తవా?"

తెర మీది నుంచి చూపు తిప్పకుండా చెప్పాను. "సూదులు అయిపోయినయ్ అన్నా."

"ఒక్కటి గూడ లేదా?"

"లేదు."

గంజి తుడుచుకున్నాడు, గుడ్డ మడతపెట్టి నా చేతికిచ్చాడు, గుండీలు పెట్టుకున్నాడు.

"నువ్వొకసారి లేపినవ్. పదిహేను రోజులు పిల్లలతోని ఉన్న. గది సాలు," అన్నాడు. నా తల మీద చెయ్యి పెట్టి పోయాడు.

రెండు సూదులూ నా పెట్టెలో, దూది కింద ఉన్నాయి. ఇప్పుడే తీసి చూశాను. తుప్పు పట్టలేదు.

58వ రోజు

విమల వచ్చింది. అతను చెప్పినట్టున్నాడు. నా కాళ్ల దగ్గర కూర్చుని, ఆ రోజు అన్నమాట మనసులో పెట్టుకోవద్దని అడిగింది. కుట్టు సూది పనికొస్తుందా అని అడిగింది. గొట్టం లేనిదే నీళ్లు రావని చెప్పాను. డాక్టర్ గారి దగ్గర ఉంటాయా అంటే, ఆయన పెట్టె నాలుగేళ్ల కిందే ఖాళీ అయిందన్నాను. అది నిజమే. నిజం చెప్పడానికి ఒక్కటన్నా దొరికినందుకు నాకు హాయిగా అనిపించింది.

ఇంకా మూడు రోజులు ఉంది. ఈ మూడు రోజుల్లో ఎప్పుడైనా లేచి పోయి సూది వేయవచ్చు. రోజంతా ప్రోబ్ తీగ తుడుస్తూ కూర్చున్నాను. తీగలో పగుళ్లు లేవు. ఛార్జింగ్ బాగా నిలుస్తున్నది.

61వ రోజు

జాబితా. ఓదెలు నా వరసలోనే వచ్చాడు. పక్క వరసకు పోవచ్చు, పోలేదు. ఇరవై ఆరు. అంకె పైకి చదివాను. బొమ్మలో పట్టీ ఇప్పుడు ఎవరికైనా కనిపించేంత వెడల్పు. వెనక నుంచి డాక్టర్ గారు తెర చూశారు. తర్వాత నా మొహం చూశారు. "సూది?" అని అడిగారు. "అయిపోయినయ్ సార్" అన్నాను. ఆయనకు నా పెట్టె వెతికే హక్కు ఉంది. వెతకలేదు. పక్క వరసలోకి పోయారు.

అక్కకు ముప్పై అయిదు. నాలుగు వందల పదో పేరు.

ఈసారి మూట నేనే మోశాను. అక్క నా భుజం పట్టుకుని మెట్లు దిగింది. పిల్లలను కింది మెట్ల దగ్గరికి రానివ్వలేదు విమల. ఓదెలు మూట లేకుండానే పైకి పోయాడు, ఎక్కువ రోజులు అక్కర్లేదన్నట్టు. ఖాళీ అయింది అతని మంచమే కాబట్టి అక్కకు అదే ఇచ్చారు. కుడి పక్క మంచం విమలది.

64వ రోజు

మధ్యాహ్నం షిఫ్టులో పైనుంచి కబురు వచ్చింది. వంతు నాదే. ఓదెలు గోడకు ఆనుకుని కూర్చున్నట్టే పోయాడు. ఛాతీ మీద గంజి రాసి ప్రోబ్ పెట్టాను. నల్లటి నీళ్ల మధ్య గుండె ముడుచుకుని, కదలకుండా ఉంది. రూలు ప్రకారం రెండు నిమిషాలు చూడాలి. నేను అయిదు నిమిషాలు చూశాను. మూడున్నర గంటలు అని టైము రాశాను. గంజి శుభ్రంగా తుడిచి గుండీలు పెట్టాను.

కిందికి వచ్చి విమలకు నేనే చెప్పాను. ఆమె ఏడవలేదు. నొప్పి పడ్డాడా అని అడిగింది. లేదన్నాను. పెద్దపిల్ల, పదకొండేళ్లుంటాయి, నాన్న గుండె బొమ్మ ఆ తెరలో దాచి ఉంటుందా అని అడిగింది. ఉంటుంది. చూపించాను, ముప్పై ఆరో రోజుది, నీళ్లు తీశాక కొట్టుకుంటున్నది. పిల్ల మళ్లీ మళ్లీ చూసింది. తెర వెనక్కి తీసుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది.

65వ రోజు

అక్క కాళ్ల వాపు సగం దిగింది. గంజి తాగింది. జడ వేయమంటే వేశాను. విమల పిల్లలను తీసుకుని నీళ్ల వరసకు పోయింది, చుట్టుపక్కల ఎవరూ లేరు.

"నాకు ఈ మంచం ఎట్లొచ్చింది?" అని అడిగింది.

"ఓదెలన్నకు మల్ల నీళ్లు చేరినయ్ అక్కా."

"మొన్న సూది ఏసి తీస్తివి గద."

జడ చివర గుడ్డపీలికతో ముడి వేస్తున్నాను. ముడి విప్పి మళ్లీ వేశాను. ఆమెతో అబద్ధం చెప్పడం నాకు రాదు. చిన్నప్పటి నుంచీ రాదు.

"ఇంక రెండు సూదులున్నయ్," అన్నాను. "లేవని చెప్పిన."

అక్క వెనక్కి తిరగలేదు. ఆమె మొహం నాకు కనపడలేదు. వీపు మీద నా చెయ్యి ఉంది, ఆమె ఊపిరి ఒకసారి ఆగి, మళ్లీ ఎప్పటిలా ఆడటం చేతికి తెలిసింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. లేచి ఇంక్లైన్ వైపు పోతానంటుందేమో, కాళ్లు పట్టుకుని ఆపాలి అని కూడా అనుకున్నాను.

మెల్లగా పక్కకు ఒరిగి పడుకుంది. మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుంది.

"సల్లగున్నది," అన్నది చివరికి. "ఇంకో దుప్పటుంటే కప్పు."

మంచం కాళ్ల దగ్గర ఓదెలు దుప్పటి మడతపెట్టి ఉంది. ఎవరూ తీసుకుపోలేదు. విప్పి, భుజాల మీదుగా మెడ దాకా కప్పాను. అక్క అంచు పట్టుకుని గడ్డం కిందికి లాక్కుంది.